సొంత అన్నకు రాని ఏడుపు బాలు గారికి ఎందుకొచ్చింది

మీ ప్రశ్న చదివాను. 2020 సెప్టెంబరులో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు పోయినప్పుడు మీ నాన్నగారు మూడు రోజులు సరిగా అన్నం తినలేదు. ఇప్పటికీ టీవీలో ఆయన పాట మొదలైతే లేచి కట్టేస్తారు. "సొంత అన్న పోయినప్పుడు కూడా ఇంత ఏడవలేదు, ఎప్పుడూ కలవని మనిషి కోసం ఇదేం చోద్యం" అని మీ బంధువులు అంటున్నారు. ఇది మామూలేనా అని అడిగారు. హీరోలు పోయినప్పుడు జనం రోడ్ల మీద పడి ఏడవడం నిజమైన బాధేనా, టీవీ వాళ్లు పెంచిందా అని కూడా అడిగారు.

నేను డాక్టర్‌ని కాను. పత్రికలో సినిమా డెస్కు మీద చాలా ఏళ్లు పనిచేసినవాణ్ణి. పెద్ద నటులు, గాయకులు పోయిన రోజున నివాళి పేజీలు దిద్దడం, అంత్యక్రియల దగ్గర నిలబడి వార్త రాయడం, ఆ తర్వాత వారాల తరబడి పాఠకులు పంపే ఉత్తరాలు చదవడం నా పనిలో భాగం. ఆ అనుభవంతో చెబుతున్నాను. మీ నాన్నగారి బాధ నిజమైనదే. అది ఇంకా తగ్గకపోవడానికి కారణం మీ బంధువులు అన్న మాటలోనే ఉంది.

అన్నగారు పోయినప్పుడు మీ నాన్నగారు ఏమేం చేశారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. అందరికీ ఫోన్లు చేసి కబురు చెప్పి ఉంటారు. ఫ్రీజర్ బాక్సు మాట్లాడి ఉంటారు. పాడె కట్టించి, భుజం పట్టి ఉంటారు. చిన్నకర్మ, పెద్దకర్మ, భోజనాలకు ఎంతమంది, దూరం నుంచి వచ్చినవాళ్లను ఎక్కడ పడుకోబెట్టాలి, వదినగారి పింఛను కాగితాలు ఎవరు చూడాలి, ఇలా ఒకటి తర్వాత ఒకటి మీద పడి ఉంటాయి. ఇంటికి పరామర్శకు వచ్చిన ప్రతి మనిషికీ ఎలా జరిగిందో మొదటి నుంచి చెప్పి ఉంటారు. చెప్పిన ప్రతిసారీ కొంత బరువు దిగుతుంది. చావింట్లో మన పెద్దవాళ్లు అన్ని రోజులు అంత పని పెట్టింది ఊరికే కాదు.

బాలు గారు పోయినప్పుడు మీ నాన్నగారికి చేయడానికి ఏ పనీ లేదు. పరామర్శకు మీ గుమ్మం తొక్కినవాళ్లు లేరు. పైగా కరోనా రోజులు, ఇంట్లోంచి కదలడానికి లేదు. టీవీ ముందు కూర్చుని చూడటమే మిగిలింది. కన్నీళ్లు పెట్టుకుంటే ఇంట్లోవాళ్లే విచిత్రంగా చూశారు. అమెరికాలో దుఃఖం మీద పరిశోధన చేసిన కెనెత్ డోకా 1989లోనే ఈ సంగతి రాశారు. చుట్టూ ఉన్నవాళ్లు "నీకు ఏడ్చే హక్కు లేదు" అన్నట్టు చూసే దుఃఖం తొందరగా తీరదని ఆయన మాట. నా అనుభవం కూడా అదే చెబుతుంది. ఇక్కడ ఇంకో విషయం మీ బంధువులకు గుర్తు చేయండి. అన్నగారిని తీసుకెళ్లిన వైకుంఠ రథంలో బహుశా ఘంటసాల గారి భగవద్గీత మోగే ఉంటుంది. 1974 ఫిబ్రవరి 11న పోయిన గాయకుడి గొంతు వింటూనే ఇవాళ్టికీ మనవాళ్లను సాగనంపుతున్నాం. గాయకుడు మనకు బయటి మనిషి ఎలా అవుతాడు?

బాలు గారి విషయంలో ఆ దగ్గరితనం మరీ ఎక్కువ. 1966లో మొదటి సినిమా పాట పాడారు. మీ నాన్నగారి వయసు వాళ్లకు కుర్రతనంలో రేడియోలో ఆయనే, పెళ్లి క్యాసెట్లో ఆయనే, అయ్యప్ప మాల వేసుకుంటే భజనలో ఆయనే. చాలా సినిమాల్లో కమల్ హాసన్ తెలుగులో మాట్లాడితే ఆ గొంతు కూడా ఆయనదే. 1996 నుంచి ఈటీవీలో 'పాడుతా తీయగా' మొదలయ్యాక ఇక ఇంట్లో మనిషే అయిపోయారు. పిల్లలు శ్రుతి తప్పితే ఎక్కడ తప్పారో ఓపిగ్గా చెప్పేవారు. పాత సంగీత దర్శకుల గురించి చెబుతూ గొంతు పూడుకుపోతే కళ్లు తుడుచుకునేవారు. వారం వారం ఆ మాటలు వింటూ పెరిగిన ఇళ్లు తెలుగునాట ఎన్నో ఉన్నాయి. ఆయనకు నాలుగు భాషల్లో ఆరు జాతీయ అవార్డులు వచ్చాయి. అయితే జనం ఏడ్చింది అవార్డుల కోసం కాదు, ఈ వారం వారం పరిచయం కోసం. తెర మీది మనిషితో ఏర్పడే ఈ ఒకవైపు స్నేహం గురించి 1956లోనే డొనాల్డ్ హార్టన్, రిచర్డ్ వోల్ అనే పరిశోధకులు రాశారు. అటువైపు మనిషికి మన పేరు తెలియకపోయినా ఇటువైపు అలవాటు, నమ్మకం, ప్రేమ అసలైనవే.

ఆ యాభై రోజుల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ నాన్నగారు దెబ్బతిన్నది ఒక్క సెప్టెంబరు 25న కాదు. ఆగస్టు 5న ఆయనే ఫేస్‌బుక్‌లో వీడియో పెట్టి, కరోనా సోకిందని, కొద్దిపాటి జలుబు, జ్వరం ఉన్నాయని, ఇంట్లోవాళ్లకు ఇబ్బంది లేకుండా చెన్నైలో ఆసుపత్రిలో చేరానని, దయచేసి ఎవరూ ఫోన్ చేయొద్దని చెప్పారు. మనిషి బాగానే మాట్లాడుతున్నారు కదా అని అందరం ధైర్యంగా ఉన్నాం. వారం తిరిగేసరికి పరిస్థితి విషమించిందన్నారు. వెంటిలేటర్, ఆ తర్వాత ఎక్మో, అంటే గుండె, ఊపిరితిత్తుల పనిని బయటి నుంచి చేసే యంత్రం. ఎక్మో అంటే ఏమిటో తెలుగు ఇళ్లలో చాలామంది ఆ నెలలోనే తెలుసుకున్నారు. ఆగస్టు 20న సాయంత్రం ఆరు గంటలకు ఎవరింట్లో వాళ్లు ఆయన పాట పెట్టి ప్రార్థన చేయమని తమిళ దర్శకుడు భారతీరాజా పిలుపునిచ్చారు. మా డెస్కులో సాయంత్రం హెల్త్ బులెటిన్ కోసం ఎదురుచూడటం దినచర్య అయిపోయింది. ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద నాలుగైదు లైన్లు వచ్చేవి. నిన్నటి బులెటిన్‌తో ఇవాళ్టిది పక్కపక్కన పెట్టుకుని ఏ మాట మారిందో చూసేవాళ్లం. 'నిలకడగా' అన్న మాట ఉంటే కాస్త ఊపిరి పీల్చుకునేవాళ్లం. అదే సమయంలో నివాళి పేజీ కూడా సిద్ధంగా ఉంచుకోవాలి. అది వృత్తి ధర్మం. బతికున్న మనిషి మీద ఆ పేజీ దిద్దడం కన్నా బాధాకరమైన పని మా వృత్తిలో మరొకటి లేదు.

ఆయన కుమారుడు చరణ్ గారు ఆ రోజుల్లో చేసిన పని పెద్దది. తరచూ తనే ఫోన్ ముందు కూర్చుని నాన్నగారికి ఎలా ఉందో చెప్పేవారు. పుకారు పుట్టినప్పుడల్లా ఖండించేవారు. సెప్టెంబరు మొదటి వారంలో కరోనా నెగెటివ్ వచ్చిందన్నారు. ఐప్యాడ్‌లో క్రికెట్, టెన్నిస్ చూస్తున్నారన్నారు. ఇక ఇంటికి వచ్చేస్తారనే అనుకున్నారు అందరూ. సెప్టెంబరు 25 మధ్యాహ్నం ఒంటి గంటా నాలుగు నిమిషాలకు పోయారు. ఆశపడిన తర్వాత తగిలిన దెబ్బ అది. మర్నాడు తిరువళ్లూరు జిల్లా తామరైపాక్కంలోని వాళ్ల తోటలో పోలీసు లాంఛనాలతో ఖననం చేశారు. మామూలు రోజులైతే నెల్లూరు నుంచి, విజయవాడ నుంచి, హైదరాబాద్ నుంచి రైళ్లు, బస్సులు నిండిపోయేవి. ఒక్క దండ వేసే అవకాశం కూడా లేకపోయిన లక్షల మందిలో మీ నాన్నగారు ఒకరు.

ఆ అవకాశం ఎంత పెద్ద విషయమో చెప్పడానికి బెంగళూరు ఒక్కటి చాలు. అక్కడ తండ్రీకొడుకుల మరణాలు రెండూ ఆ ఊరిని కుదిపేశాయి. 2006 ఏప్రిల్ 12న కన్నడ నటుడు రాజ్‌కుమార్ పోయారు. వార్త ఒక్కసారిగా పాకింది. జనం ముందు సదాశివనగర్‌లోని ఇంటి మీదకు, తర్వాత కంఠీరవ స్టేడియం మీదకు ఎగబడ్డారు. భౌతికకాయాన్ని ఎక్కడ ఎంతసేపు ఉంచుతారు, ఎప్పుడు తీసుకెళ్తారు అన్నది సామాన్యుడికి తెలియలేదు. ఆఖరి చూపు దక్కదేమోనన్న ఆందోళన కోపంగా మారింది. బస్సులు తగలబడ్డాయి, లాఠీచార్జి, కాల్పులు జరిగాయి. ఎనిమిది మంది చనిపోయారు, వాళ్లలో ఒక పోలీసు కూడా ఉన్నాడు. రాజ్‌కుమార్ సినిమాల్లో సౌమ్యతకు పేరు. ఆయన అభిమానులే ఇంత చేశారా అని అప్పుడు అందరూ ముక్కున వేలేసుకున్నారు. అల్లరి మూకలు కలవడం నిజమే. అయినా ఏర్పాట్లు సరిగ్గా లేని చోట ఏడ్వడానికి వచ్చిన జనం కూడా చెల్లాచెదురై తొక్కిసలాటలో పడతారన్నది నేను కళ్లారా చూసిన విషయం.

2021 అక్టోబరు 29న ఆయన చిన్న కొడుకు పునీత్ రాజ్‌కుమార్ గుండెపోటుతో పోయారు. 46 ఏళ్లే. తండ్రిది నిండు జీవితం, కొడుకుది అర్ధాంతరపు చావు, కాబట్టి గొడవలు అంతకన్నా ఎక్కువ కావాలి. కానీ ఈసారి ప్రభుత్వం, కుటుంబం 2006 నుంచి నేర్చుకున్నాయి. మద్యం అమ్మకాలు ఆపేశారు. ఆ సాయంత్రమే కంఠీరవ స్టేడియంలో భౌతికకాయాన్ని ఉంచారు. బారికేడ్లు కట్టి వరసలో పంపారు. రాత్రంతా వరస నడుస్తూనే ఉంది. విదేశం నుంచి పెద్దమ్మాయి రావాల్సి ఉంది, జనం కూడా తగ్గలేదు, అందుకని అంత్యక్రియలను ఆదివారం ఉదయానికి మార్చారు. తల్లిదండ్రుల పక్కనే కంఠీరవ స్టూడియోలో ఖననం చేశారు. మన చిరంజీవి, బాలకృష్ణ, వెంకటేష్, జూనియర్ ఎన్టీఆర్ అందరూ వెళ్లారు. లక్షల మంది వచ్చినా 2006 పునరావృతం కాలేదు. పదకొండు రోజులు దాటగానే ప్యాలెస్ గ్రౌండ్స్‌లో అభిమానులకు అన్నదానం చేశారు.

అన్నిటికన్నా నాకు గొప్పగా అనిపించింది కళ్ల దానం. తండ్రి కళ్లు ఎలా ఇచ్చారో, పునీత్ కళ్లను కూడా కుటుంబం అలాగే ఇచ్చింది. నారాయణ నేత్రాలయ డాక్టర్లు ఒక్కో కార్నియాను, అంటే కంటి ముందుండే పారదర్శకమైన పొరను, ముందు పొర, వెనక పొరగా విడదీసి నలుగురికి చూపు తెప్పించారు. ఆ వార్త వచ్చాక కర్ణాటకలో కళ్ల దానానికి పేరు రాయించుకునేవాళ్లు ఒక్కసారిగా పెరిగిపోయారు. ఆ అభిమానులకు చేయడానికి ఒక పని దొరికింది. నేను మీకు చెప్పదలచుకున్నదంతా ఇదే. బాధలో ఉన్న మనిషికి చేతికో పని, నిలబడ్డానికో చోటు కావాలి. అది దొరికిన చోట దుఃఖం భక్తిలా ఉంటుంది. దొరకని చోట బయటికి అల్లరిగా వస్తుంది, లేదా మీ నాన్నగారిలా లోపలే ఉండిపోతుంది.

మన దగ్గర కూడా ఈ సంగతి తెలిసిన కుటుంబాలున్నాయి. 2022 సెప్టెంబరు 11న కృష్ణంరాజు గారు పోయినప్పుడు అంత్యక్రియలు హైదరాబాద్ దగ్గర మొయినాబాద్ వైపు వాళ్ల ఫామ్‌హౌస్‌లో జరిగాయి. సొంతూరు మొగల్తూరు వాళ్లకు ఆఖరి చూపు దక్కలేదు. అదే నెల 29న ప్రభాస్ మొగల్తూరు వెళ్లి సంస్మరణ సభ పెట్టించి, వచ్చిన జనానికంతా భోజనాలు పెట్టించారు. ఆ వంటకాల పట్టిక మీదే వార్తలన్నీ నడిచాయి, హంగామా అన్నవాళ్లూ ఉన్నారు. నా మటుకు నాకు అది ఎంతో సబబుగా అనిపించింది. పోయినవారి పేరు చెప్పి విస్తరి ముందు కూర్చోబెట్టడం గోదావరి జిల్లాల్లో మర్యాదకు మర్యాద, ఓదార్పుకు ఓదార్పు.

ఇక ఫ్లెక్సీల గురించి. హీరో పోయిన రోజు సాయంత్రానికి ఏ ఊళ్లో చూసినా ఒకే రకం ఫ్లెక్సీ కనిపిస్తుంది. నల్లటి నేపథ్యం, ఒక మూల దీపం, మధ్యలో ఆయన ఫొటో, పైన 'అశ్రునివాళి' అని పెద్ద అక్షరాలు. కింద వరసగా పాస్‌పోర్టు సైజు ఫొటోలు, పేర్లు, 'యువత' అనో 'అభిమాన సంఘం' అనో. చావులో కూడా ప్రచారమా అని విసుక్కునేవాళ్లే ఎక్కువ. నేను అలా చూడను. పేపర్లో డబ్బు కట్టి వేయించే శ్రద్ధాంజలి ప్రకటన చూడండి. ఫొటో కింద 'ఇట్లు' అని భార్య, కుమారులు, కోడళ్లు, అల్లుళ్లు, మనుమలు అంటూ పేర్లు ఉంటాయి. ఆ కుర్రాళ్లు చేసిందీ అదే. మేమూ ఆ ఇంటి మనుషులమే అని చెప్పుకోవడానికి వాళ్లకున్న ఒకే ఒక చోటు ఆ ఫ్లెక్సీ అడుగు భాగం. చందాలు వేసుకుని చేయిస్తారు. ఆటో నడిపే అబ్బాయి ఒక రోజు సంపాదన అందులో పోతుంది.

టీవీ పెంచిందా అన్నారు. ఏడుపును టీవీ పుట్టించదు, ఎంచుకుని చూపిస్తుంది. వరసలో నిలబడ్డ వేల మంది మౌనంగా దండం పెట్టి వెళ్లిపోతారు. ఒకరు స్పృహ తప్పితే కెమెరాలన్నీ అటు పరిగెడతాయి. చావింటి గుమ్మంలో మైకు పెట్టి "ఎలా ఫీలవుతున్నారు" అని అడగడం, ఎవరు వచ్చారు ఎవరు రాలేదు అని లెక్క తీయడం, ఇవి నాకు ఒళ్లు మండిపోయే విషయాలు. బాలు గారు పోయాక ఆసుపత్రి బిల్లు గురించి పుట్టించిన కట్టుకథ గుర్తుందా? తండ్రి పోయి రెండు మూడు రోజులు కాకుండానే చరణ్ గారు దాని మీద వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. అది వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసినవాళ్లలో చాలామంది ఆయన అభిమానులే కావడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇంకో సంగతి కాస్త జాగ్రత్తగా చెప్పాలి. 1987లో ఎంజీఆర్ పోయినప్పుడు, 2009లో వైఎస్ రాజశేఖరరెడ్డి గారు పోయినప్పుడు, పునీత్ పోయినప్పుడు కూడా కొందరు అభిమానులు ప్రాణాలు తీసుకున్నారు. అలాంటివి చేయొద్దని పునీత్ కుటుంబం తమ బాధలోనే అభిమానులను వేడుకోవాల్సి వచ్చింది. ఇలాంటి వార్తలను పత్రికలు గొప్ప త్యాగంలా రాస్తే ఇంకొందరు అదే దారి పడతారని ఎన్నో దేశాల్లో పరిశోధనలు తేల్చాయి. వాటి ఆధారంగానే ప్రపంచ ఆరోగ్య సంస్థ, మన ప్రెస్ కౌన్సిల్ మార్గదర్శకాలు ఇచ్చాయి. ఇంట్లో కూడా ఇదే పద్ధతి పాటించాలి. ఫలానావాడు అభిమానంతో ప్రాణమిచ్చాడు అని పిల్లల ముందు మెచ్చుకోలుగా మాట్లాడకండి.

మీ నాన్నగారి విషయానికొస్తే, భోజనం, నిద్ర, పని మామూలుగా ఉండి పాట వచ్చినప్పుడు మాత్రమే తట్టుకోలేకపోతుంటే డాక్టర్ అవసరం కనిపించడం లేదు. అలా కాకుండా రోజూ దిగులుగా ఉండటం, నిద్ర పట్టకపోవడం, మనుషులను తప్పించుకోవడం, బతికి ఏం లాభం అనడం లాంటివి ఉంటే మాత్రం అది బాలు గారి గురించిన బాధ ఒక్కటే కాకపోవచ్చు. అన్నగారి దుఃఖం కూడా పనుల హడావుడిలో అణిగి ఇప్పుడు ఇటుగా వస్తుండొచ్చు. అప్పుడు ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుడికి చూపించండి. ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ టెలి మానస్ నంబరు 14416. ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

లేకపోతే మీరే చేయగలిగినవి ఉన్నాయి. ముందు ఆ ఎత్తిపొడుపులు ఆపించండి. తర్వాత ఆయన పక్కన కూర్చుని, "నాన్నా, బాలు పాట మీరు మొదట ఎక్కడ విన్నారు" అని అడగండి. ఇన్నేళ్లలో ఈ ప్రశ్న ఎవరూ అడిగి ఉండరు. పరామర్శ అంటే అదే. ఆయన చెప్పేటప్పుడు ఫోన్ పక్కన పెట్టండి. మధ్యలో అన్నగారి ప్రస్తావన వస్తే రానివ్వండి.

పాటతో మొదలుపెట్టవద్దు. ఆ గొంతు పాట పాడుతుంటే తట్టుకోవడం కష్టం, మాట్లాడుతుంటే కాస్త తేలిక. 'పాడుతా తీయగా' పాత ఎపిసోడ్లు దొరుకుతాయి. ఆయన పిల్లలతో నవ్వుతూ మాట్లాడే ఒక పది నిమిషాలు చాలు. మీ నాన్నగారు కదలగలిగితే నెల్లూరు తీసుకెళ్లండి. తిప్పరాజువారి వీధిలో తాతల నాటి ఇంటిని బాలు గారు పోవడానికి కొద్ది నెలల ముందే, 2020 ఫిబ్రవరిలో, వేద పాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేశారు. ఊళ్లోని ప్రభుత్వ సంగీత పాఠశాలకు ఇప్పుడు ఆయన పేరే ఉంది. ఏ రోజు వెళ్లాలి అంటే, సెప్టెంబరు 25 వద్దు. ఆయన పుట్టినరోజు జూన్ 4న వెళ్లండి. మీ నాన్నగారికి పాడే అలవాటు ఉంటే ఆ రోజు మీ ఊరి కరోకే బృందంలో ఒక పాటకు పేరు ఇప్పించండి. పాడే అలవాటు లేకపోతే ఆయన పేరు మీద నలుగురికి భోజనం పెట్టించండి, వడ్డన మాత్రం మీ నాన్నగారి చేతుల మీదుగానే జరగనివ్వండి.